గ్రౌండ్‌లో సున్నపు గీతలు ఎందుకంటే... (నవంబర్ 2025 లేఖ)

అమ్మలకు, నాన్నలకు, పిల్లల్ని దింపడానికి వచ్చే తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు నమస్కారం.

గత వారం గ్రౌండ్‌లో వేసిన పెద్ద సున్నపు వలయం గురించి గేటు దగ్గర చాలామంది అడిగారు. అది స్పోర్ట్స్ డే కోసం కాదండీ. మన ఎనిమిదో తరగతి పిల్లలు డింకినేష్ అనే ఒక చిన్న గ్రహశకలాన్ని, దాని చుట్టూ తిరిగే సెలామ్ అనే బుల్లి చందమామను కొలతల ప్రకారం గీశారు. కొందరు వాట్సాప్‌లో ఇంకో మాట కూడా అడిగారు, యూనిట్ టెస్టులు దగ్గర పడుతుంటే ఆ పీరియడ్లు లెక్కలకు ఇవ్వొచ్చు కదా, ఇది పరీక్షలో రాదు కదా అని. మీ టెన్షన్ నాకు తెలుసు, అందుకే ఈసారి మిగతా విషయాలన్నీ పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను.

కుజుడికీ గురుడికీ మధ్య సూర్యుడి చుట్టూ లక్షల కొద్దీ రాళ్లు తిరుగుతున్నాయి. ఆ పట్టీలో లోపలి అంచున ఉన్న రాతి రకం గ్రహశకలం డింకినేష్. 1999లో కనుక్కున్నారు, 152830 అని నంబరు ఇచ్చారు, అంతే, చాలా ఏళ్లు దానికి పేరు కూడా లేదు. అడ్డంగా కొలిస్తే సుమారు 720 మీటర్లు. దానికీ సెలామ్‌కూ మధ్య దూరం 3.1 కిలోమీటర్లు.

నాసా వాళ్ల లూసీ అనే వ్యోమనౌక 2021 అక్టోబర్‌లో బయల్దేరింది. దాని అసలు పని గురుడితో పాటు ఒకే కక్ష్యలో తిరిగే ట్రోజన్ గ్రహశకలాలను చూడటం. డింకినేష్ మొదట జాబితాలోనే లేదు. దారికి దగ్గర్లో ఉంది కాబట్టి 2023 జనవరిలో ప్రాక్టీసు కోసం చేర్చారు, పేరు కూడా ఆ తర్వాతే పెట్టారు. నౌక సెకనుకు నాలుగున్నర కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటే భూమి నుంచి సిగ్నల్ పంపి కెమెరా తిప్పడం కుదరదు, నౌకే సొంతంగా రాయిని గుర్తుపట్టి దాని వైపు చూస్తూ ఉండాలి. ఆ ఏర్పాటు పని చేస్తుందా లేదా అని చూసుకోవడానికి ఈ రాయి.

2023 నవంబర్ 1న లూసీ దాని పక్కనుంచి, సుమారు 430 కిలోమీటర్ల దూరంలో వెళ్లింది. మొదటి ఫోటోలు రాగానే రాయికి ఒక చందమామ ఉందని అందరూ సంతోషించారు. ఆ తర్వాత దిగిన ఫోటోల్లో, అంటే దగ్గరగా దాటిన సుమారు ఆరు నిమిషాలకు తీసినవాటిలో, ఆ చందమామ ఒకటి కాదు, ఒకదానికొకటి ఆనుకుని ఉన్న రెండు ముద్దలు అని తేలింది. మొదటి ఫోటోలప్పుడు ఒకటి రెండోదాని వెనక దాక్కుంది, అంతే. ఒక ముద్ద 210 మీటర్లు, ఇంకోటి 230 మీటర్లు. ఇంకో గ్రహశకలం చుట్టూ తిరిగే ఇలాంటి జంటను ఖాయంగా చూడటం అదే మొదటిసారి. ప్రాక్టీసుకే కదా అని వాళ్లు దాటిపోగానే కెమెరా ఆపేసి ఉంటే మనకు ఈ సంగతి తెలిసేదే కాదు! పిల్లలకు ఈ భాగం చెబుతున్నప్పుడు నేను క్లాసులో వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను, ఒక్కరు కూడా గడియారం వైపు చూడలేదు.

ఇప్పుడు గ్రౌండ్ సంగతి. వంద మీటర్లకు ఒక మీటరు చొప్పున తీసుకున్నారు. డింకినేష్‌కు 7.2 మీటర్ల వలయం, అక్కడి నుంచి 31 మీటర్ల తాడు, తాడు చివర ఆనుకుని రెండు చిన్న వలయాలు. సెలామ్ ఒక చుట్టు తిరగడానికి సుమారు 52.7 గంటలు పడుతుంది, అంటే సోమవారం పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే బుధవారం మధ్యాహ్నం రెండు లోపు పూర్తవుతుంది. మన గీతల మీద గంటకు ఎంత జరపాలో పిల్లలే లెక్క వేశారు, 3.7 మీటర్లు వచ్చింది. బడి ఉన్న గంటల్లో గుర్తు జెండాను జరిపారు, రాత్రి గంటలకు లెక్క కట్టి పొద్దున్నే సరైన చోట పాతారు. వృత్తం చుట్టుకొలత, నిష్పత్తి, కోణాలు, అన్నీ ఇందులోనే ఉన్నాయి, ఇవి మాత్రం పరీక్షలో తప్పకుండా వస్తాయి. డింకినేష్ తన చుట్టూ తాను తిరగడానికి 3.7 గంటలే కాబట్టి మధ్యలో నిలబడ్డ పిల్లలు పొద్దున ప్రార్థన నుంచి భోజనం బెల్లు దాకా మెల్లగా ఒక చుట్టు తిరిగారు, వంతులవారీగా లెండి.

నిజంలో సెలామ్ గంటకు 370 మీటర్లే కదులుతుంది. ఇంత నెమ్మదిగా తిరిగితే డింకినేష్ మీద పడిపోదా టీచర్ అని ఒక అమ్మాయి అడిగింది. ఎంత మంచి ప్రశ్న! డింకినేష్ చాలా చిన్నది, దాని ఆకర్షణ చాలా తక్కువ, కాబట్టి ఆ కాస్త వేగం చాలు. సెలామ్ ఎలా పుట్టిందన్నది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎండకు వేడెక్కిన రాయి ఆ వేడిని మళ్లీ బయటికి వదిలేటప్పుడు చాలా స్వల్పమైన తోపు పడుతుంది, రాయి ఆకారం సమంగా ఉండదు కాబట్టి ఎన్నో వేల, లక్షల ఏళ్లకు ఆ తోపు రాయి తిరిగే వేగాన్ని పెంచేస్తుంది. అలా వేగం మించి డింకినేష్ నుంచి కొంత పదార్థం జారి విడిపోయి ఉంటుందని, కొంత తిరిగి నడుము దగ్గర గట్టులా పేరుకుని, మిగతాది సెలామ్ అయి ఉంటుందని శాస్త్రవేత్తలు 2024లో రాశారు.

కాబట్టి వారానికి ఒక్క పీరియడ్ ఇలాగే కొనసాగుతుంది, దాన్ని వెనక్కి తీసుకోను. ఫౌండేషన్ కోర్సుల వర్క్‌షీట్లు పిల్లలు ఎలాగూ చేస్తున్నారు. తాడు పట్టుకుని తాము వేసిన లెక్క నిజమో కాదో బుధవారం మధ్యాహ్నం దాకా ఎదురు చూడటం అక్కడ దొరకదు.

మన హైదరాబాద్‌కు ఈ ఆకాశం కొత్తదేమీ కాదు. బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఉండేది, అక్కడ పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త కొడుకు వైను బప్పు నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్‌కు వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనుక్కున్నవాళ్లలో ఒకడయ్యాడు. 2596 నంబరు గ్రహశకలానికి ఆయన పేరే పెట్టారు. వీలుంటే సెలవు రోజు పిల్లల్ని నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానిటోరియంకు తీసుకెళ్లండి.

నవంబర్ 29, శనివారం సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా బడి మేడ మీద టెలిస్కోపు పెడుతున్నాం. ఆ రోజు చందమామ పక్కనే శని ఉంటుంది. ఈ నెల శని వలయాలు అంచు వైపు నుంచి కనిపిస్తున్నాయి, సన్న గీతలా ఉంటాయి, పిల్లలకు ముందే చెప్పి తీసుకురండి. డింకినేష్ మాత్రం మన టెలిస్కోపుకు అందదు, ఆ ఆశ పెట్టకండి. లూసీ మొదటి ట్రోజన్ దగ్గరికి 2027 ఆగస్టులో చేరుతుంది, అప్పటికి మన ఎనిమిదో తరగతి వాళ్లు పదిలో ఉంటారు, ఆ ఫోటోలు కూడా కలిసే చూద్దాం.

మేడ మెట్లు ఇరుకు, పెద్దవాళ్లు ఎంతమంది వస్తున్నారో బుధవారం లోపు డైరీలో రాసి పంపండి. చలిగా ఉంటుంది, పిల్లలకు స్వెటర్ వేయండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు