మండువా ఇళ్ళ మరమ్మతులో సున్నానికి చోటు దక్కాలి

సంపాదకులకు నమస్కారం.

2027 గోదావరి పుష్కరాలు దగ్గరపడుతున్న కొద్దీ రాజమహేంద్రవరం మొదలు అంతర్వేది వరకు పాత మండువా ఇళ్ళకు, అంటే నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న ముంగిలి (మండువా) చుట్టూ గదులు కట్టిన ఇళ్ళకు, మళ్ళీ గిరాకీ వస్తోంది. ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న లోగిళ్ళను తెరిచి, అతిథి గృహాలుగానో, పెళ్ళివారికిచ్చే విడిది ఇళ్ళుగానో మార్చుకుంటున్నవారు మా మండలంలోనే నలుగురైదుగురు కనిపిస్తున్నారు. ఇది నాకు చాలా సంతోషం కలిగించే విషయం. ఇన్నాళ్ళూ మా వైపు ఇలాంటి ఇంటికి పట్టే గతి ఒకటే ఉండేది: అన్నదమ్ముల వాటాలు తేలక కొన్నాళ్ళు మూతపడటం, తేలాక నడి మండువాలో అడ్డగోడ లేవడం, చివరికి కలప లెక్కన అమ్ముడుపోవడం. ఆ గతి తప్పించే మార్గం ఒకటి కనబడిన ఈ సమయంలో, మరమ్మతు పేరుతో జరుగుతున్న ఒక పెద్ద పొరపాటును మీ పత్రిక ద్వారా ఇంటి యజమానుల దృష్టికీ, అధికారుల దృష్టికీ తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ముప్పై మూడేళ్ళు నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఆ పొరపాటును మొదట నా సొంత ఇంట్లోనే చేశాను.

ఇప్పుడు జరుగుతున్న పనుల్లో యజమానులు జాగ్రత్తగా కాపాడుకుంటున్నవి రెండు: టేకు స్తంభాలు, చెక్కడం పనున్న వీధి గుమ్మం. వాటికి పాలిష్ పెట్టించి, వెనుక దీపాలు అమర్చుతున్నారు. గోడలకు మాత్రం సిమెంటు పూస్తున్నారు, మండువాను పైనుంచి ప్లాస్టిక్ రేకుతోనో అద్దంతోనో మూసేస్తున్నారు, నేలంతా నున్నటి విట్రిఫైడ్ పలకలు పరుస్తున్నారు. ఇంటిని వందేళ్ళు నిలబెట్టింది సున్నపు గోడ, తెరిచి ఉన్న మండువా. ఆ రెంటినీ బిగించేశాక స్తంభాలు ఎంత మెరిసినా ఆ ఇల్లు ఎన్నో ఏళ్ళు ఆరోగ్యంగా ఉండదు.

ఈ ఇళ్ళు ఎలా వచ్చాయో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని వెంట తవ్విన కాలువలు ఈ డెల్టాకు ఏటా నమ్మకమైన వరి పంటనిచ్చాయి. చేతిలో నాలుగు డబ్బులు నిలిచిన రైతు మొదట చేసిన పని ఇల్లు కట్టుకోవడమే. మా వాళ్ళు రంగం అని పిలిచే రంగూన్‌తో కాకినాడ రేవుకు ఓడ రాకపోకలు ఉన్న రోజులవి. ఇక్కడి కూలీలు కోతలకూ, మిల్లు పనులకూ అటు వెళితే, అటునుంచి బర్మా టేకు దుంగలు ఇటు వచ్చేవి. 1942లో రంగూన్ జపాను చేతికి చిక్కడంతో ఆ దారి తెగిపోయింది. సున్నానికి మాత్రం ఓడ అవసరం లేకపోయింది. సముద్రపు గుల్లలను బట్టీలో కాల్చి, నీళ్ళలో విరగబెట్టి, ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో నూరిన డంగు సున్నంతోనే మా తాతగారు 1931లో మా ఇల్లు కట్టించారు. ఇంటి వెనుక పెరట్లో ఆ గానుగ రాతిచక్రం ఇప్పటికీ సగం భూమిలో కూరుకుపోయి ఉంది. చిన్నప్పుడు దాని మీద కూర్చుని చదువుకునేవాళ్ళం.

మా డెల్టాలో నేల అడుగున నీరు ఎంత పైన ఉంటుందో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. సార్వాకు, అంటే వానాకాలపు వరి పంటకు, కాలువలు వదిలాక మా నూతిలో నీళ్ళు చేంతాడు అక్కరలేకుండా చేతి బొక్కెనకే అందుతాయి. ఆ తేమ పునాది ఇటుకల గుండా పైకి పాకక మానదు. పాతవాళ్ళు దాన్ని ఆపాలని చూడలేదు, పోయే దారి చూపించారు. అరుగులు ఎత్తుగా కట్టి, గోడలను రెండడుగుల మందాన లేపి, లోపలా బయటా సున్నం పూశారు. సున్నపు పూతలో కంటికి కనబడని సన్నని రంధ్రాలు ఉంటాయి, గోడలోకి వచ్చిన తేమ వాటి గుండా మెల్లగా గాలిలో కలిసిపోతుంది. మండువా ఆ గాలిని ఆడిస్తుంది. మధ్యాహ్నం ఎండకు వేడెక్కిన గాలి మండువా మీదుగా పైకి పోతుంటే, వీధి అరుగు వైపు నుంచీ పెరటి వైపు నుంచీ చల్లని గాలి లోపలికి వస్తుంది. నాలుగు పంచల చూర్ల నుంచి జారిన వాననీరు నడుమ పడి, తూము గుండా కొబ్బరి చెట్ల మొదళ్ళకు చేరుతుంది. గోడ, గాలి, నీరు ఈ మూడూ కలిసి పనిచేసే ఏర్పాటు ఇది.

పదకొండేళ్ళ కిందట, మా అమ్మాయి పెళ్ళికి ముందు, పడమటి గది గోడ పెచ్చులూడుతోందని ఒక కాంట్రాక్టరును పిలిపించాను. ఆయన సున్నం కాలం చెల్లిందనీ, సిమెంటు పూస్తే ఇక చూసుకోనక్కరలేదనీ చెప్పారు. సివిల్ డిప్లొమా చదివిన నేను కూడా సరేనన్నాను, ఆ తప్పు నాదే. మొదటి ఏడాది గోడ అద్దంలా ఉంది. మూడో వానాకాలానికి మోకాలి ఎత్తున నాలుకల్లాంటి మరకలు లేచాయి. ఆ పైన తెల్లగా, వేలితో రాస్తే పొడిలా రాలే ఉప్పు పూసింది. నాలుక మీద వేసుకుని చూశాను, వట్టి ఉప్పే. రంగు బుడగలు కట్టి ఊడింది, తర్వాత సిమెంటు కూడా పలకలు పలకలుగా లేచింది. వాటిని పట్టి లాగితే వెనుక ఇటుక పిండిలా నలిగి ఉంది. తేమ పోవడానికి దారి లేక సిమెంటు పూత వెనుకే నిలిచి, అందులోని ఉప్పు గడ్డకట్టి ఇటుకను లోపలినుంచి పగలగొట్టింది. సున్నపు పూతతో ఎనభై ఏళ్ళకు పైగా నిలిచిన గోడ, సిమెంటు పూతతో ఐదేళ్ళు సరిగా ఉండలేకపోయింది.

తర్వాత ఊరూరా వెతికితే మండపేట వైపు డంగు పని తెలిసిన ఒక వృద్ధ తాపీ మేస్త్రి దొరికారు. డెబ్భై దాటిన మనిషి. తాపీ పిడితో గోడను జానెడు జానెడు దూరాన తట్టుకుంటూ, చెవి ఆనించి విన్నారు. గుల్లగా మోగిన చోటల్లా బొగ్గుతో గీత పెట్టారు. అంతా అయ్యాక నా వైపు తిరిగి, "ఈ గోడకి ఊపిరాడకుండా చేశారండీ, ముందు దీన్ని ఆరనివ్వాలండీ" అన్నారు. సిమెంటు మొత్తం చెక్కి తీయించి ఒక వేసవి అంతా గోడను అలాగే వదిలేశాం. ఇంట్లోవాళ్ళకు అది చూడటానికి ఇబ్బందిగానే ఉండేది. ఈలోగా పెరట్లో గొయ్యి తీయించి, సున్నాన్ని విరగబెట్టి నెలకు పైగా నీళ్ళ కింద నానబెట్టారు. కరక్కాయలు దంచి బెల్లంతో నానవేసిన నీళ్ళు పోసి, జల్లెడ పట్టిన ఇసుకతో కలిపి, పలుచగా పొర మీద పొర పూశారు. ఒక పొర గట్టిపడే వరకు రెండోది వేయనివ్వలేదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా రాయిగా మారుతుంది కాబట్టి దాన్ని తొందరపెట్టి లాభం లేదు. పని పూర్తయి ఆరు వానాకాలాలు గడిచాయి. వానాకాలంలో ఆ గోడ అడుగున కొంచెం చెమ్మ కనిపిస్తుంది, సంక్రాంతి నాటికి ఆరిపోతుంది. అంతకు మించి నేను కోరుకున్నదీ లేదు.

అలాగని పాత ఇంట్లో పాతకాలపు ఇబ్బందులు పడుతూ బతకమని నేను ఎవరికీ చెప్పను. అతిథులకు గదికొక స్నానాలగది కావాలి, ఇంటర్నెట్ కావాలి, వేసవిలో ఏసీ కావాలి. వాటిని ఎక్కడ పెడతామన్నదే ఇందులో అసలు పనితనం. మేము స్నానాలగదులను పాత గదుల్లోకి చొప్పించకుండా, పెరటి వసారాను ఆనుకుని కొత్తగా, విడిగా కట్టాం. నీళ్ళ గొట్టాలు ఒక్కటి కూడా సున్నపు గోడలోంచి వెళ్ళవు. కరెంటు తీగలకోసం గోడను తొలిచి గాడి కొట్టకుండా, దూలాల పక్కన చెక్క పట్టీల్లో నడిపించాం. ఏసీ ఒక్క గదికే పెట్టాం, అదీ పైన చెక్క అటక ఉన్న గదికి. పెంకుల కింద ఖాళీగా ఉన్న గదిలో ఏసీ పెడితే చల్లదనమంతా పెంకుల సందుల్లోంచి పోతుంది. దాన్ని ఆపడానికి జిప్సం సీలింగ్ వేస్తే, దాని పైన ఏ పెంకు పగిలిందో, ఏ వాసానికి చెద పట్టిందో కంటపడదు. చెద సంగతి ఈ ప్రాంతంలో తేలిగ్గా తీసుకునేది కాదు. గోడలో దిగిన దూలం చివరలు ముందు పాడవుతాయి. అలాంటప్పుడు దూలమంతా మార్చకుండా, పాడైన చివరను కోసి, అదే జాతి కలపతో అతుకు వేసి బోల్టులు బిగించే పనితనం మన వడ్రంగులకు ఇంకా ఉంది, అడిగేవారు లేక మూలపడింది.

నేల విషయం చాలామంది పట్టించుకోరు. నాపరాళ్ళు ఎత్తేసి, కింద కాంక్రీటు పోసి, నున్నటి పలకలు పరిచాక, నేల నుంచి పైకి రావలసిన తేమ అటూ ఇటూ జరిగి గోడల్లోకే ఎక్కుతుంది. గోడలకు సున్నం పూసినా నేలను ఇలా బిగిస్తే ఫలితం సగమే. ఇక మండువా. దోమలనీ, కోతులనీ, వాననీ చెప్పి దాన్ని మూస్తున్నారు. కోతులకూ దొంగలకూ మా పెద్దలే ఇనుప చువ్వలు అమర్చారు, అవి గాలినీ వాననూ ఆపవు. దోమలకు గదుల కిటికీలకు జాలీ చాలు. వాన పడుతున్నప్పుడు పంచలో కూర్చుని చూడటానికే కదా అతిథులు ఇంత దూరం వచ్చి మన ఇళ్ళల్లో దిగుతారు!

పాత ఇళ్ళు తుపానుకు నిలవవనే మాట కూడా తరచు వింటున్నాను. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన రాత్రి మేము ఈ ఇంట్లోనే ఉన్నాం. వాలు పెంకులు చాలా లేచిపోయాయి, మండువా నిండా నీళ్ళు నిలిచాయి, గోడ మాత్రం కదలలేదు. పెంకులు తిరిగి నేయించుకోవడానికి మాకు పది రోజులు పట్టింది.

ఇంకొక బాధ కూడా చెప్పాలి. పాత కలప వ్యాపారులు ఊళ్ళ వెంట తిరిగి, వారసులు దూరాన ఉన్న ఇళ్ళు కనిపెట్టి, స్తంభాలూ ద్వారబంధాలూ బేరమాడుతున్నారు. అవి నగరాల్లోని హోటళ్ళ ముందు గదుల్లో అలంకారంగా నిలుస్తున్నాయి. తాను మోయవలసిన కప్పు లేని స్తంభాన్ని చూస్తే నాకు మనసు ఒప్పదు. తమిళనాడులో చెట్టినాడు ఇళ్ళు కూడా మన ఇళ్ళలాగే బర్మా టేకుతో కట్టినవే. అక్కడ ఎన్నో ఇళ్ళు ఉన్న ఊళ్ళోనే, ఉన్న చోటే హోటళ్ళయ్యాయి. పుదుచ్చేరిలో ఫ్రెంచి వీధుల ఇళ్ళు కూడా అలాగే మారాయి. అదే పాలనలో ఉన్న యానాం మన డెల్టాలోనే ఉంది కనుక, ఆ అనుభవం తెలిసిన అధికారులు మనకు కూతవేటు దూరంలోనే ఉన్నారని అనుకోవచ్చు.

నేను పనిచేసిన శాఖ గురించి కూడా ఒక మాట. ఆనకట్ట కట్టింది రాతితో, సున్నంతో. కాలువల మీద పడవలను దాటించే పాత లాకులూ, వాటి పక్కన సిబ్బంది కోసం కట్టిన చిన్న బంగళాలూ చాలాచోట్ల అదే పనితనంతో కట్టినవే. పడవలు ఆగిపోయాక అవి ఎవరికీ పట్టకుండా ఉన్నాయి. 1900 నుంచి 1997 వరకు రైళ్ళు నడిచిన రాజమహేంద్రవరం హేవలాక్ వంతెనను సందర్శకుల కోసం మార్చే పథకం తలపెట్టినప్పుడు, ఆ నీటి వెంటే ఉన్న ఈ చిన్న కట్టడాల్లో ఊరి గ్రంథాలయాలో, రైతుల సమావేశ గదులో పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. పని మొదలైతే అక్కడా మొదట సిమెంటు బస్తా దిగకుండా చూడాలి.

మనకున్న 1958 నాటి కేంద్ర చట్టమూ, 1960 నాటి రాష్ట్ర చట్టమూ ప్రాచీన స్మారకాలను కాపాడేవి. మనుషులు కాపురముండే ఇల్లు వాటి పరిధిలోకి సాధారణంగా రాదు, రానక్కరలేదని కూడా నా అభిప్రాయం. కూల్చకూడదని నిషేధిస్తే యజమానులు భయపడి ముందే కూల్చేస్తారు. ముంబయిలో 1995 నుంచే వారసత్వ కట్టడాలను వర్గాలుగా విడదీసి, ఏ వర్గంలో ఎంత మార్పు చేయవచ్చో నిబంధనలు పెట్టారు. మనకు ముందుగా కావలసింది ఒక జాబితా: గోదావరి జిల్లాల్లో మండువా ఇళ్ళు ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి అన్నది గ్రామ సచివాలయాల ద్వారానే లెక్క తీయించవచ్చు. రెండవది, పాత ఇంటిని అతిథి గృహంగా మార్చుకునేవారికి పర్యాటక శాఖ సాయం ఏదైనా ఇస్తే, సున్నపు గోడకు సున్నమే పూయాలనీ, మండువా తెరిచి ఉంచాలనీ షరతు పెట్టడం. మూడవదీ నా దృష్టిలో అన్నింటికన్నా అవసరమైనదీ, డంగు పని తెలిసిన మేస్త్రీలు బతికి ఉండగానే వారి దగ్గర యువకులకు జీతమిచ్చి పని నేర్పించడం. నేను డిప్లొమా చదివిన రోజుల్లో సున్నం గురించి చెప్పింది ఒక్క పాఠం, అది కూడా పరీక్షలో రాదని వదిలేశాం. మా పాలిటెక్నిక్‌లు ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పాత గోడను పిల్లల చేత బాగుచేయించినా చాలు, పదేళ్ళలో మనకు మేస్త్రీల కరువు తీరుతుంది.

వచ్చే వేసవిలో మా ఇంటి తూర్పు గది పని మొదలవుతుంది. పెరట్లో సున్నం గొయ్యి మళ్ళీ తవ్విస్తున్నాం, ఆ వృద్ధ మేస్త్రిగారు వస్తానని మాట ఇచ్చారు. పాత ఇల్లు బాగుచేయించుకునే ఆలోచనలో ఉన్న యజమానులు, కాంట్రాక్టర్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు ఎవరైనా ఆ నెల రోజుల్లో వచ్చి చూడవచ్చు. తాపీ పట్టుకుని నేర్చుకుంటామన్నవారికి భోజనం మా ఇంట్లోనే.

ఇట్లు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి,
అమలాపురం సమీప గ్రామం, కోనసీమ