ఆ చిన్న మెడల్స్ మీది పేర్లు చెరిగిపోకముందే: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గోదావరి జిల్లాల ఇళ్లలో మిగిలి ఉన్న సైనిక పతకాల గురించి, అందులోనూ పేరు చెక్కిన మినియేచర్ మెడల్స్ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నాది భీమవరం. చాలా ఏళ్లుగా వీటిని సేకరిస్తూ, వాటి మీద పేరున్న మనుషులెవరో వెతుకుతున్నాను. ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు కాబట్టి మీ శాఖ సాయం అడుగుతున్నాను.

మినియేచర్ అంటే అసలు పతకంలో సగం సైజుది. మామూలు మెడల్ అడ్డంగా 36 మిల్లీమీటర్లుంటే ఇది దాదాపు 18 ఉంటుంది. ఆర్మీ మెస్‌లో రాత్రి విందుకు వేసుకునే దుస్తుల మీద ఆఫీసర్లు ఈ చిన్నవే పెట్టుకుంటారు. పెద్ద మెడల్‌ను సర్కారు ఇస్తుంది. మన సైన్యంలో సాధారణంగా దాని అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ కొట్టి ఉంటాయి. మినియేచర్‌ను మాత్రం ఎవరికి వాళ్లు సొంత డబ్బుతో కొనుక్కోవాలి. అందుకే చాలావాటి మీద ఏ పేరూ ఉండదు. ఎవరో ఒకాయన శ్రద్ధ పెట్టి కంసాలి దగ్గర చెక్కించుకుంటేనే ఉంటుంది. అలాంటిది చేతికి దొరికితే దాని వెనకున్న మనిషి దాకా వెళ్లే దారి దొరికినట్టే.

ఒక ఉదాహరణ చెబుతాను. నా దగ్గర ఒకే పిన్నుకు వరసగా కట్టిన మూడు రెండో ప్రపంచ యుద్ధపు మినియేచర్లున్నాయి: బర్మా స్టార్, వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్. వెనక పట్టీ మీద సన్నటి చెక్కుడులో కెప్టెన్ అన్న ర్యాంకు, ఒక పేరు, ఐ.ఏ.ఎం.సి. అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ ఏర్పడింది 1943లో. 1950లో దాని పేరు ఆర్మీ మెడికల్ కోర్‌గా మారింది. ఇండియా సర్వీస్ మెడల్‌ను ప్రకటించిందేమో 1946లో. అంటే ఈ మూడింటినీ కట్టించి పేరు చెక్కించింది చాలావరకు 1946కీ 1950కీ మధ్య అయి ఉండాలి. ఆయన డాక్టరే అయి ఉండాలి, బర్మా వైపు యుద్ధంలో పనిచేసి ఉండాలి. చిటికెన వేలంత పట్టీ మీద ఇంత కథ ఉంది!

అక్కడి నుంచే కష్టం మొదలైంది. పట్టీ మీద ఇంటిపేరుకు బదులు ఒక్క పొడి అక్షరం, తర్వాత సత్యనారాయణ అని ఉంది. అన్నవరం దేవుడి పేరు మన వైపు ఎన్ని ఇళ్లలో ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్ద మెడల్ మీదైతే నంబరు పట్టుకుని వెతకొచ్చు, దీని మీద అదీ లేదు. ఆ కాలపు ఇండియన్ ఆర్మీ లిస్టులు (ఆఫీసర్ల పేర్లు అచ్చేసిన పుస్తకాలు), విశాఖలో 1923లో మొదలైన మెడికల్ కాలేజీ పాత రిజిస్టర్లు, ఊళ్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలు ఒకచోటికి వస్తే తప్ప ఆయన ఇంటిపేరు తేలదు. పాత రికార్డులున్న ఒకచోటికి వెళ్తే "ఆయనకు మీరేమవుతారు?" అని అడిగారు. ఏమీ కానన్నాను. ఇక వాళ్లు మాట్లాడలేదు. వాళ్ల నిబంధనలు వాళ్లకుంటాయి. అదే ప్రశ్న మీ శాఖ నుంచి ఉత్తరంగా వెళ్తే జవాబు వస్తుంది.

డెల్టాలో ఈ పనికి తొందర ఎక్కువ. 1986 ఆగస్టు వరదలో, 1996 నవంబరు 6 తుపానులో ఎన్నో ఇళ్లలో కాగితాలు నానిపోయాయి. డిశ్చార్జి పుస్తకాలు, ఫోటోలు, ఫ్రంటు నుంచి రాసిన ఉత్తరాలు పోయాయి. ట్రంకు పెట్టె అడుగున లోహం మాత్రం మిగిలింది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది. ఆ ఊరి సంగతి కనీసం పేపర్లకెక్కింది. ఒక్కరో ఇద్దరో వెళ్లొచ్చిన మిగతా ఊళ్ల మాట ఎవరు రాశారు?

మిగిలిన ఆ లోహమూ పోతోంది. మొదటి ప్రపంచ యుద్ధపు వెండి మెడల్‌లో రెండున్నర తులాలకు పైనే వెండి ఉంటుంది. ధర పెరిగినప్పుడల్లా కొన్ని షరాబు మూసలోకి వెళ్లిపోతాయి. మినియేచర్‌ది ఇంకో కష్టం. దాంట్లో వెండి అంతగా ఉండదు కాబట్టి అమ్మరు, పిల్లలకు ఆడుకోవడానికి ఇస్తారు. భక్తిగా దాచుకున్న ఇళ్లలో పండక్కి పూజ సామానుతో పాటు చింతపండో విభూదో పెట్టి తోముతారు. చేత్తో చెక్కిన అక్షరం లోతు తక్కువ. కొన్నేళ్లు అలా తోమితే తాతగారి పేరు నున్నగా అరిగిపోతుంది. దయచేసి తోమవద్దని కనపడిన ప్రతి ఇంట్లోనూ చెబుతున్నాను.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది దొంగ చెక్కుడు. పేరున్న మినియేచర్‌కు ధర ఎక్కువని తెలిశాక, ఉత్త మెడల్ మీద కొత్తగా పేరు చెక్కి అమ్మడం కష్టమేమీ కాదు. భూతద్దంలో చూస్తే కొత్త గీత మెరుస్తుంది, అందులో పాత మురికి ఉండదు. అయినా అందరూ అంత పరీక్షగా చూడరు. అసలువి ఇప్పుడే ఫోటోతో నమోదైతే నకిలీని రేపు పట్టుకోగలం.

చట్టం సంగతి మీ అధికారులకు తెలిసే ఉంటుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక ప్రాధాన్యమున్న వస్తువుకు 100 ఏళ్లు నిండితే అది పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మొదటి ప్రపంచ యుద్ధానికి 1919లో ప్రకటించి ఆ తర్వాత సిపాయిలకు పంచిన మెడల్స్ ఇప్పుడు ఆ వయసుకు వచ్చేస్తున్నాయి.

నేను అడిగేది పెద్ద బడ్జెట్ పని కాదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకు మాజీ సైనికుల కుటుంబాలు ఎలాగూ వస్తుంటాయి. అక్కడే ఏడాదికోసారి క్యాంపు పెట్టించండి. మెడల్ ముందూ వెనకా, ముఖ్యంగా అంచునూ ఫోటో తీసి, పేరు ఉన్నది ఉన్నట్టు రాసుకుని, ఇంటివాళ్లు చెప్పింది పక్కన చేర్చి, మెడల్ వాళ్లకే తిరిగి ఇచ్చేయాలి. తీసుకుంటారన్న భయం కలిగితే ఎవరూ పెట్టె తెరవరు. ఇష్టపడి ఇచ్చేవాళ్ల కోసం రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు మ్యూజియంలో ఒక అల్మరా కేటాయించండి. అందులో మెడల్ వెనక అద్దం పెట్టించండి, పేరు ఎప్పుడూ చూసేవాడికి కనపడని వైపే ఉంటుంది. లాహోర్ మ్యూజియంలో దశాబ్దాల పాటు మూలనపడిన పంజాబు సైనికుల రిజిస్టర్లు 2021 నుంచి ఆన్‌లైన్‌లో వెతకడానికి వచ్చాయి. మనవాళ్ల మనవలు కూడా అలా ఊరి పేరు కొట్టి వెతుక్కునే రోజు రావాలని నా కోరిక.

క్యాంపు ఎప్పుడు పెట్టినా నా దగ్గరున్నవన్నీ తీసుకొస్తాను. అక్షరాలు చదివే పనికి కూర్చోమంటే జీతం లేకుండా కూర్చుంటాను. పై డాక్టరు గారి మూడు మినియేచర్లూ ఆయన కుటుంబం దొరికితే వాళ్లవి, దొరక్కపోతే మ్యూజియానివి.

భవదీయుడు,
ఒక పతకాల సేకర్త,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా