భవన చిత్రణ శిక్షణ: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ఎక్కువ సమయం పెట్టింది భవనాలను స్కేలు గీతలతో, చదునైన రంగులతో వేయడం నేర్పడానికే. చార్మినార్‌తో మొదలుపెడదామని చాలామంది అడిగారు. నగిషీ ఎక్కువున్న కట్టడమైతే చెయ్యి దాని వెంటే పోతుంది, పెద్ద ఆకారాలు గాడి తప్పుతాయి. అందుకే నీళ్ల ట్యాంకులు, గోదాములు ముందు పెట్టాం. 1920లలో ఈ పద్ధతిని తీర్చిదిద్దిన అమెరికా చిత్రకారుల్లో చార్లెస్ డెమత్ 1927లో ఎంచుకున్నదీ లాంకాస్టర్ ఊరి ధాన్యపు గాదెలనే.

ఫొటో చూసి వేయడం తప్పేమీ కాదు. అయితే ఫోన్ పైకెత్తి తీస్తే గోడల నిలువు గీతలు పైన దగ్గరవుతాయి. వెనక్కి జరిగి, ఫోన్ నిటారుగా పట్టి తీయాలి.

వానిషింగ్ పాయింట్లు (దూరంగా పోయే గీతలు కంటి మట్టం గీత మీద కలిసే చోట్లు) రెండూ కాగితంలోనే ఇరికిస్తే భవనం మూల ముందుకు పొడుచుకొస్తుంది. బోర్డును బల్లకు అంటించి, కంటి మట్టం గీతను రెండు పక్కలా బల్ల మీదికి పొడిగించి, ఆ పాయింట్ల దగ్గర గుండుసూది గుచ్చి దారం లాగి గీయండి. గోడ మధ్యను స్కేలుతో కొలవొద్దు. కర్ణాలు గీస్తే అవి కలిసే చోటే మధ్య, కమాను శిఖరం దాని గుండా వెళ్లే నిలువు గీత మీదే ఉండాలి.

అందరినీ ఇబ్బంది పెట్టింది అంచులు. అంచు తిన్నగా రావడానికి టేపు అంటించి రంగు వేస్తాం, కానీ కాన్వాసు నేతలో టేపు కింద రంగు పాకుతుంది. ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసిన) బోర్డు మీద గెస్సో (రంగుకు ముందు వేసే తెల్లటి పూత) మూడు పూతలు వేసి, ఆరాక 400 నంబరు ఎమరీ కాగితంతో రుద్దితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. టేపు అంటించే ముందు కింది రంగు రాత్రంతా ఆరాలి, లేకపోతే టేపుతో పాటు ఊడొస్తుంది. టేపు అంచును చెంచా వెనకవైపుతో నొక్కి, దాని వెంట ముందు ఆ కింది రంగునే పలచగా పూయండి. సందుల్లోకి పాకేది ఆ రంగే కాబట్టి కనిపించదు, సందూ మూసుకుంటుంది. తర్వాతే కొత్త రంగు, రెండు పలచటి పూతలు. చివరి పూత పూర్తిగా ఆరకముందే టేపును వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి. ఆరిపోయాక లాగితే అక్రిలిక్ పొర లేచి అంచు చిరుగుతుంది.

రంగుల్లో మూడు ఛాయలు చాలు: ఎండ గోడ, నీడ గోడ, నేల మీద పడిన నీడ. నీడకు నలుపు వాడొద్దు. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు కలిపితే బూడిద రంగుకు జీవం ఉంటుంది. అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది, కాబట్టి ముందు ముక్క మీద పూసి, ఆరనిచ్చి చూడాలి. గోడంతటికీ సరిపడా రంగు ఒకేసారి కలిపి మూత డబ్బాలో ఉంచండి. మధ్యలో మళ్లీ కలిపితే అదే ఛాయ రావడం కష్టం.

భవనం మీది తీగలు, పేర్ల బోర్డులు, మరకలు వదిలేయాలి. కిటికీలు మాత్రం అన్నీ తీసేయకండి. ఒక వరుసైనా లేకపోతే భవనం ఎత్తు తెలియదు.

వచ్చే ఏడాది చార్మినార్ వేద్దాం. 1591 నాటి ఆ కట్టడం చతురస్రం, ఒక్కో వైపు 20 మీటర్లు, కాబట్టి దారం పద్ధతి సరిగ్గా సరిపోతుంది. మినార్ల గుండ్రాన్ని మూడు నిలువు పట్టీలుగా విడగొట్టాలి. వాటి చుట్టూ ఉన్న వసారాల వంపు కంటి మట్టానికి దగ్గర్లో దాదాపు చదునుగా, పైకి పోయేకొద్దీ ఎక్కువగా కనబడుతుంది. అన్నిటికీ ఒకే వంపు వేస్తే మినారు వంకరగా అనిపిస్తుంది. ఈ వంపులు చేతితో గీయడం అలవాటయ్యేదాకా పెన్సిల్‌తోనే సాధన చేయమని సభ్యులకు మనవి.