చమురు, సుంకాల మీద ఇన్వెస్టర్ మాట ఒక్కటే చాలదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ బిజినెస్ పేజీలో ఈమధ్య ఒక ఇన్వెస్టర్ అభిప్రాయాలు వేశారు. రష్యా చమురు కొనడం తగ్గించుకుంటే అమెరికా సుంకాల గొడవ సగం తీరుతుందని, వ్యవసాయ మార్కెట్‌ను కాస్త తెరిస్తే మిగతా సగమూ తీరుతుందని, విదేశాంగ విధానంలో సెంటిమెంట్లు పెట్టుకోకూడదని ఆయన వాదన. లెక్క తెలిసిన మనిషి రాసినట్టే ఉంది. కొన్ని చోట్ల నేనూ తలూపాను. కానీ ఆ లెక్కలో చిత్తూరు, తిరుపతి జిల్లాల వాళ్లు ఎక్కడా కనపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి. నేనూ మదుపరినే, కాకపోతే చిన్న మదుపరిని. తిరుపతిలో ఉంటాను. నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో కొంత వేస్తాను, ప్రభుత్వ చమురు కంపెనీల షేర్లు కొన్ని ఉన్నాయి. మా అత్తగారి తరఫు వాళ్లకు బంగారుపాళెం దగ్గర తోతాపురి మామిడి తోట ఉంది. నా మాట ఎటు మొగ్గుతుందో పాఠకులే చూసుకోవచ్చు.

ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రష్యా వాటా నూటికి రెండు మూడు దాటేది కాదు. 2023-24కు వచ్చేసరికి మూడో వంతు దాటింది. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే రావాలి కాబట్టి, తగ్గింపు ధరకు దొరికింది కొనడం తప్పని నేను అనను. నేను అడిగేది ఆ తగ్గింపు ఎవరి ఇంటికి చేరిందని. 2022 మే నుంచి దాదాపు రెండేళ్లు బంకులో రేటు కదల్లేదు. 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముందు, లీటరుకు రెండు రూపాయలు తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో ముడిచమురు ధర పడినప్పుడు కేంద్రం ఎక్సైజ్ సుంకం రెండు రూపాయలు పెంచింది, బంకులో రేటు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. 2023-24లో మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకు కలిపి వచ్చిన లాభం సుమారు 81 వేల కోట్ల రూపాయలు. 2022లో రేట్లు పెంచకుండా ఆపినప్పుడు అవి నష్టపోయిన మాట నిజమే, పూడ్చుకోవద్దని ఎవరూ అనరు. కానీ నా అనుభవం ఇది: డివిడెండు బ్యాంకు ఖాతాలో పడింది, స్కూటర్‌కు పెట్రోలు పోయించుకునే దగ్గర మాత్రం ఆ రెండు రూపాయలు తప్ప తేడా రాలేదు. చవక చమురు నాకు షేర్‌హోల్డరుగా అందింది. షేర్లు లేని ఆటో అబ్బాయికి ఆ రెండు రూపాయలు తప్ప ఏమీ అందలేదు.

రాష్ట్రమూ తక్కువ తినలేదు. పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే నగరి దాటి తిరుత్తణి వైపు, పలమనేరు దాటి నంగిలి వైపు వెళ్లే బండ్లు అవతలికి పోయే ట్యాంకు నింపుకుంటాయి. సరిహద్దుకు ఇవతల బంకులు ఈగలు తోలుకుంటూ కూర్చుంటాయి. ఇంధన విధానం గురించి వ్యాసాలు రాసేవాళ్లు ఒకసారి ఆ రోడ్ల మీద తిరిగితే బాగుంటుంది.

ఇక వాణిజ్యం. తోతాపురి కాయ తినడానికి పోయేదానికన్నా గుజ్జుకు పోయేదే ఎక్కువ. ఆ గుజ్జును డ్రమ్ములకెత్తి గల్ఫ్‌కు, యూరప్‌కు ఓడల్లో పంపుతారు. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీలు ఓడల మీద పడ్డాక, యూరప్ ఓడలు ఆఫ్రికా అంతా చుట్టి వెళ్లాల్సి వచ్చింది. కిరాయిలు పెరిగాయి, సరుకు చేరడం పది పదిహేను రోజులు ఆలస్యమైంది. 2025 సీజన్‌లో ఏ ఫ్యాక్టరీని అడిగినా ఒకటే జవాబు: పాత గుజ్జే ఇంకా కదల్లేదు. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అని ప్రకటించింది, అందులో ఫ్యాక్టరీ 8, సర్కారు 4. ఆ ఎనిమిదీ చేతికి రాలేదని ఊరూరా ఫిర్యాదులే. ఫ్యాక్టరీ గేటు ముందు నేను చూసిన ట్రాక్టర్ల వరస ఊరి పొలిమేర దాటింది. తొట్టిలో అడుగు కాయలు చితికి రసం టైరు మీదికి కారుతోంది. డ్రైవరు టోకెన్ జేబులో పెట్టుకుని ట్రైలర్ కింద నీడలో పడుకున్నాడు. వంతు వచ్చేసరికి సగం కాయ పనికిరాదని అతనికి తెలుసు. వెనక్కి తోలుకుపోతే డీజిలు దండగ అని కూడా తెలుసు.

ఎర్ర సముద్రంలో ఎవరో పేల్చిన క్షిపణికి, ఈ ట్రైలర్‌కు సంబంధం ఉందని ఇన్వెస్టర్ గారికి తెలియదని కాదు. ఆయన దాన్ని 'సరఫరా గొలుసు రిస్క్' అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

పెద్ద ఇన్వెస్టర్ల మాటకు విలువ లేదని నేను అనడం లేదు. 2025 మేలో అమెరికాలో తన కంపెనీ వాటాదారుల సమావేశంలో వారెన్ బఫెట్ వాణిజ్యాన్ని ఆయుధంగా వాడకూడదని సొంత దేశానికే చెప్పారు. సుంకాలతో ఊగిపోతున్న సమయంలో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. అది అక్షరాలా నిజం, మనకు కూడా. ఆ మరుసటి నెలలోనే చిత్తూరు జిల్లా యంత్రాంగం పక్క రాష్ట్రాల తోతాపురి లోపలికి రాకుండా చెక్‌పోస్టుల్లో ఆపేసింది. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. అక్కడి శ్రీనివాసపురం రైతు ఏళ్ల తరబడి మన గుజ్జు ఫ్యాక్టరీలకే కాయ తోలేవాడు. మన రైతును కాపాడాలన్న ఉద్దేశం మంచిదే, ఆ రోజు నేనూ లోపల సంతోషించిన మాట దాచను. అయినా రెండు నెలలకు అమెరికా సుంకాలు మన రొయ్యల మీద పడ్డప్పుడు అన్యాయమని అరవడానికి మనకు గొంతు కాస్త తగ్గింది. 2025 ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతం అయ్యాయి కదా. వాకాడు వైపు రొయ్యల చెరువుల వాళ్లను అడిగితే ఆ రోజుల టెన్షన్ చెబుతారు.

వ్యవసాయ మార్కెట్‌ను తెరవాలన్న సలహా దగ్గర మాత్రం ఆయనతో నాకు అసలు కుదరదు. మామిడి దెబ్బతిన్న ఏడాది మా వైపు ఇల్లు నడిచేది రెండు ఆవుల పాల మీదే. పదిహేను రోజులకు ఒకసారి వచ్చే పాల బిల్లుతోనే పిల్లల ఫీజులు, ఎరువుల బాకీలు. అమెరికా డెయిరీలకు తలుపు తీస్తే ఆ బిల్లు ఏమవుతుందో ఆయన వ్యాసంలో ఒక్క వాక్యం లేదు. 2025 సెప్టెంబరులో పళ్ల గుజ్జు డ్రింకుల మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి దించారు. నన్నడిగితే మామిడి రైతుకు పది విదేశీ ఒప్పందాలకన్నా అదే మేలు.

విదేశాంగ విధానం అంటే ఎక్కడో ఢిల్లీ సంగతి అనుకుంటాం గానీ అది రోజూ ఘాట్ రోడ్డు ఎక్కుతోంది. 2022లో తిరుపతికి వచ్చిన ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు వంద. చేసింది ఓలెక్ట్రా కంపెనీ, దాని వెనక సాంకేతికత చైనా కంపెనీ బీవైడీది. పక్కనే కరకంబాడిలో బ్యాటరీల పరిశ్రమ ఉన్న ఊరు మనది, సీసం బ్యాటరీలు బ్రహ్మాండంగా చేస్తాం, ఎలక్ట్రిక్ బస్సులకు కావాల్సిన లిథియం సెల్స్ దగ్గరికొచ్చేసరికి ఇంకా చైనా మొహం చూడాల్సిందే. పొరుగు దేశాల పెట్టుబడులకు కేంద్రం అనుమతి తప్పనిసరి అని 2020 ఏప్రిల్‌లో మనం నిబంధన పెట్టాం. 2025 ఏప్రిల్‌లో ఎలక్ట్రిక్ మోటార్లలో వాడే అరుదైన ఖనిజాల మాగ్నెట్ల ఎగుమతికి చైనా మెలిక పెట్టింది. ఎవరి కారణాలు వాళ్లకున్నాయి.

అదే బీవైడీలో బఫెట్ కంపెనీ 2008లో 23 కోట్ల డాలర్లు పెట్టింది. 2022లో అమ్మడం మొదలుపెట్టి, చాలా రెట్ల లాభంతో 2025కల్లా పూర్తిగా బయటికొచ్చేసింది. తైవాన్ చిప్‌ల కంపెనీ సంగతి ఇంకా విచిత్రం. 2022లో 400 కోట్ల డాలర్లకు పైగా పెట్టి, మూడు నెలలు తిరక్కుండా చాలావరకు అమ్మేశారు. కంపెనీ గొప్పదే, అది ఉన్న చోటే నచ్చలేదన్నారు. ఇందులో తప్పేమీ లేదు, ఇన్వెస్టర్ అలాగే ఆలోచించాలి. నేనూ రేపు పొద్దున ఫోన్‌లో నాలుగు నొక్కులు నొక్కితే నా చమురు షేర్లు వదిలించుకోగలను. బంగారుపాళెం తోటకు అలాంటి బటన్ లేదు. మామిడి మొక్క కాపుకొచ్చేసరికే నాలుగైదేళ్లు, ఆ తర్వాత రెండు తరాలు దాన్నే నమ్ముకోవాలి. చోటు నచ్చలేదని తైవాన్ నుంచి వెళ్లిపోయే వీలు తైవాన్ వాళ్లకే లేదు. అందుకే వెళ్లిపోగలిగిన వాడి సలహాను, వెళ్లలేని వాళ్ల మీద విధానంగా రుద్దకూడదు అంటాను. వినాలి, లెక్కలు తీసుకోవాలి, నిర్ణయం మాత్రం వేరే కొలతతో జరగాలి.

జిల్లా అధికారులకు ఒక విన్నపం. ఏ ఫ్యాక్టరీ దగ్గర పాత గుజ్జు ఎంత నిల్వ ఉంది, ఎగుమతి ఆర్డర్లు ఎంత వచ్చాయి అన్నది మే మొదటి వారానికే మార్కెట్ యార్డుల్లో, కాయ కొనే ర్యాంపుల దగ్గర రాసిపెట్టించండి. తోతాపురి కోత జూన్‌లో. నెల రోజుల ముందు తెలిస్తే రైతు కొంత కాయను తమిళనాడు వైపో పచ్చడి కాయగానో మళ్లించుకుంటాడు, కనీసం ట్రాక్టర్ బాడుగ మిగులుతుంది.

మీకూ ఒకటి. షేర్ల మీద సలహా రాసే రీసెర్చ్ అనలిస్టులు ఆ కంపెనీలో తమ స్వప్రయోజనం ఏమిటో చెప్పాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014లోనే నిబంధన పెట్టింది. చమురు మీద, సుంకాల మీద, ఏ దేశంతో స్నేహం చేయాలన్న దాని మీద మీ పేజీలో రాసే ఇన్వెస్టర్లకు కూడా అదే వర్తింపజేయండి. ఏ రంగంలో ఎంత పెట్టారో వ్యాసం కింద రెండు లైన్లు వేస్తే చాలు, మిగతాది మేం చదువుకుంటాం.

ఇట్లు,
ఒక చిన్న మదుపరి,
తిరుపతి