సేవ్ బటన్ ఎందుకు మాయమైంది, ఇప్పుడేం మార్చాం

గాజువాక, పూర్ణా మార్కెట్, ద్వారకానగర్ కౌంటర్లలో మా బిల్లింగ్ ప్రోగ్రాం లైనక్స్ ఎడిషన్ వాడుతున్న మీ అందరికీ నమస్కారం.

కిందటి అప్‌డేట్‌తో చిన్న ల్యాప్‌టాప్‌లలో సేవ్ బటన్ తెర కిందికి పోయింది. ‘జీలకర్ర’, ‘ఉప్మా రవ్వ’ లాంటి పేర్లలో వత్తులు సగానికి తెగాయి. తప్పు మాది. టెస్టులన్నీ పాసయ్యాకే పంపాం, కానీ అవి పాసైన తెర మీ తెరలాంటిది కాదు.

మా టెస్టులు మానిటర్ లేని సర్వర్‌లో నడుస్తాయి. ఎక్స్‌విఎఫ్‌బి అనే ప్రోగ్రాం మెమరీలోనే ఒక తెరను సృష్టిస్తుంది. బటన్లు నొక్కడం, ఫొటో తీసి పాతదానితో పోల్చడం అంతా దాని మీదే. కొలత చెప్పకపోతే అది 1280×1024 తీసుకుంటుంది. మీలో చాలామందిది 1366×768. ఎత్తులో 256 పిక్సెళ్లు తక్కువ, పైగా టాస్క్‌బార్. బటన్ పోయింది అక్కడే.

వత్తుల సంగతి ఇంకా బాధాకరం. ఆ సర్వర్‌లో తెలుగు ఫాంటే లేదు. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వచ్చాయి, పాత ఫొటోలోనూ డబ్బాలే, రెండూ సరిపోయాయని టెస్టు పాసైంది. డబ్బాకి వత్తు ఉండదు కదా, వరుస ఎత్తు చాలట్లేదని ఎలా తెలుస్తుంది? ఇప్పుడు తెలుగు ఫాంట్లు వేసి, ఫొటోలన్నీ కొత్తగా తీసి, ఒక్కొక్కటీ కళ్లతో చూసి ఆమోదించాం. ఫాంట్ దొరక్కపోతే టెస్టు మొదట్లోనే ఆగిపోతుంది.

ప్రతి టెస్టూ ఇకపై 1366×768లో ఒకసారి, 1920×1080లో ఒకసారి, 24 బిట్ రంగులతో నడుస్తుంది. ఓపెన్‌బాక్స్ అనే విండో మేనేజర్ (తెర మీద విండోలను అమర్చి, కీబోర్డు ఏ విండోకి పోవాలో చూసే ప్రోగ్రాం) కూడా పెట్టాం. అది లేనప్పుడు కీబోర్డు అక్షరాలు మౌస్ బాణం ఏ విండో మీదుంటే అందులోకే పోతాయి. బార్‌కోడ్ స్కానర్ కూడా కంప్యూటర్‌కి కీబోర్డే కాబట్టి, స్కానింగ్ టెస్టు ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యేది. దాన్ని ‘మళ్లీ నడిపితే సరిపోతుంది’ అని వదిలేయకుండా ఉండాల్సింది.

ఈ తెర పట్టుకోలేనివీ ఉన్నాయి: మీ ప్రింటర్‌లో కాగితం మీద పడే బిల్లు, రెండో మానిటర్, గ్రాఫిక్స్ కార్డు తేడాలు. ప్రింటింగ్‌ని ఆఫీసులో 58, 80 మిల్లీమీటర్ల రోల్స్ మీద చేత్తోనే పరీక్షిస్తున్నాం.

కొత్త అప్‌డేట్ వేసేముందు, రాత్రి కౌంటర్ మూశాక బ్యాకప్ తీసుకోండి. ఏదైనా తేడాగా కనిపిస్తే తెర మొత్తం వచ్చేలా ఫొటో తీసి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఉన్న కొలత, స్కేలింగ్ శాతం రాసి పంపండి. అదే కొలతతో ఇక్కడ తెర తెరిచి చూస్తాం.