గౌరవ వేతనం అనే మాట ఇక చాలు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో, ఒక సర్కారు బడిలో మధ్యాహ్న భోజనానికి పలచని పప్పు పెట్టారన్న వార్త చదివాను. తల్లిదండ్రులు బడికి వచ్చి నిలదీశారు, అధికారులు వంట ఏజెన్సీని, అంటే అక్కడ వండే ఆడవాళ్ల బృందాన్ని, మార్చేస్తామని హెచ్చరించి వెళ్లారు. అప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఇరవై ఆరేళ్లు సర్కారు బడుల్లో పాఠాలు చెప్పినవాణ్ని. పిల్లలకు మంచి తిండి పెట్టాలనడంలో నాకు రెండో మాట లేదు. కానీ ఆ పప్పు ఎందుకు పలచబడిందో ఒక్కరైనా అడిగారా?

మా దగ్గర బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు, ఉప్పు, కారం, చివరికి కట్టెలు కూడా వండే ఆడవాళ్లే ముందుగా కొనాలి. బిల్లు నెలల తరబడి రాదు. కిరాణా కొట్టువాడు అన్నాళ్లు ఆగుతాడా? నేను చివరగా పనిచేసిన బడిలో వంట చేసే ఆమె ఒక సంక్రాంతికి ముందు చెవికమ్మలు తాకట్టు పెట్టి కొట్టు బాకీ తీర్చింది. మర్నాడు చెవులకు చీపురుపుల్లలు పెట్టుకుని వచ్చి, పొయ్యి పక్కన కూర్చుని గుడ్లు లెక్కపెట్టుకుంది. నూట పద్నాలుగు మంది పిల్లలు. నూట పద్నాలుగు గుడ్లూ ఉడికాయి.

ఆమెకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. కేంద్రం లెక్కలో అది 2009 నుంచి నెలకు వెయ్యి రూపాయలే, అదీ ఏడాదికి పది నెలలకే. రాష్ట్రం కలిపినదానితో మన తెలంగాణలో మూడు వేలయింది. ఇరవై నాలుగు పనిదినాలకు పంచితే రోజుకు 125 రూపాయలు. 2025-26లో ఇదే రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 307. ఉదయం తొమ్మిదికి వచ్చి, పొగలో వండి, వడ్డించి, గుండిగలు తోమి వెళ్లేసరికి మూడు దాటుతుంది. ఆ తర్వాత ఏ కూలికి పోగలదు?

కార్మికురాలు అని ఒప్పుకుంటే కనీస వేతనం ఇవ్వాలి, పీఎఫ్ కట్టాలి, ప్రసూతి సెలవు ఇవ్వాలి. అందుకే ఆ మాట రాకుండా జాగ్రత్త పడుతున్నారు. ఇలాంటి పథకాల్లో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించాలని 2013లోనే, ప్రభుత్వాలు, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చునే భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. వంట మనిషికి నెలకు వెయ్యి రూపాయలు ఇవ్వడం రాజ్యాంగం నిషేధించిన వెట్టిచాకిరీయేనని 2020 డిసెంబరులో అలహాబాద్ హైకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆశా కార్యకర్తలదీ, అంగన్‌వాడీ ఆయాలదీ ఇదే బాధ. ఏ ప్రభుత్వం వచ్చినా ధర్నా చేసిన రోజు హామీ ఇస్తుంది, టెంటు తీసేశాక మరిచిపోతుంది. ఒకటో తారీఖున తమ జీతం ఒక్కరోజు ఆలస్యమైతే ఊరుకోని ఉద్యోగులం మనం. ఆ మాటకొస్తే నేనూ ఊరుకోలేదు. మన జీతాలు చూసే కార్యాలయంలోనే వీళ్ల బిల్లుల ఫైలు నెలల తరబడి కదలకపోతే ఎవరికీ సంజాయిషీ నోటీసు రాదు.

సరుకుల డబ్బు నెల మొదట్లోనే అడ్వాన్సుగా ఇవ్వాలి. వీళ్లను కార్మికులుగా గుర్తిస్తూ జీవో తేవాలి. పన్నెండు నెలలూ కనీస వేతనం చెల్లించాలి.

మీ విలేకరికి కూడా ఒక విన్నపం. ఇకపై పలచని పప్పు ఫొటో వేసినప్పుడు, ఆ బడికి రావలసిన బిల్లుల మొత్తం, అవి ఎన్ని నెలలుగా ఆగిపోయాయో పక్కనే వేయండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్ జిల్లా