అక్క అడిగిన స్కూలు గురించి

ఒరేయ్ బావా,

నువ్వు ఫోన్ చేసి పది రోజులైంది. "యూటాలోనే ఉన్నావు కదా, ఆ స్కూలు సంగతి కాస్త కనుక్కోరా" అని నువ్వు అడిగినప్పుడు వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పొడవుగా ఉంటుంది, పిల్లలు పడుకున్నాక తీరిగ్గా చదువు. చదివిన వెంటనే అక్కకు పంపెయ్యకు. ముందు మనిద్దరం మాట్లాడుకుందాం.

అక్క పరిస్థితి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. పదిహేనేళ్ల పిల్లాడు రెండు నెలలుగా బడికి వెళ్లడం లేదు. బ్యాగులో గంజాయి వేప్ దొరికింది. తండ్రి మీదికి చెయ్యెత్తాడు. ఒకరాత్రి చేతి మీద బ్లేడుతో గీసుకున్నాడు. ఇవన్నీ పెట్టుకుని డల్లాస్‌లో ఆవిడ ఎవరికి చెప్పుకుంటుంది? "మీవాడు ఏ యూనివర్సిటీకి ట్రై చేస్తున్నాడండీ" అని అడుగుతారని గుడికి కూడా వెళ్లడం మానేసిందన్నావు. అలాంటప్పుడు ఒక కన్సల్టెంట్ వచ్చి, మూడు నెలలు అడవిలో క్యాంపు, ఆ తర్వాత ఏడాది రెసిడెన్షియల్ స్కూలు, పిల్లాడు మారి తిరిగొస్తాడు అంటే ఏ తల్లికైనా ప్రాణం లేచొస్తుంది. కాబట్టి అక్కను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు.

యూటా ఈ వ్యాపారానికి పెట్టింది పేరు. ఇక్కడ 'ట్రబుల్డ్ టీన్' ప్రోగ్రాములు అంటారు, అంటే దారి తప్పుతున్న టీనేజీ పిల్లల్ని బాగుచేస్తామనేవి. కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూయార్క్ ఎక్కడెక్కడి నుంచో పిల్లల్ని తెచ్చి ఇక్కడ వదులుతారు. అడవి క్యాంపులకు రోజుకు ఐదారు వందల డాలర్లు తీసుకుంటారు. రెసిడెన్షియల్ స్కూళ్లలో నెలకు పది వేలు దాటడం మామూలే. ఇళ్ల మీద అప్పు తెచ్చి కట్టేవాళ్లున్నారు.

మొన్న శనివారం మా ఊరి లైబ్రరీ హాల్లో ఈ విషయం మీదే ఒక చర్చ పెట్టారు. పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు, ఆ చోట్ల పనిచేసి మానేసినవాళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. నీ మాట మనసులో ఉంది కాబట్టి వెళ్లాను. రెండు గంటలనుకున్నది నాలుగు గంటలైంది, ఎవరూ లేవలేదు.

మొదట ఒక తల్లి లేచింది. యాభై ఏళ్లుంటాయి. "నా కూతురు పద్నాలుగేళ్లకు రెండుసార్లు చచ్చిపోబోయింది. మా ఊళ్లో పిల్లల సైకియాట్రిస్టు అపాయింట్‌మెంటుకు నాలుగు నెలలు ఆగమన్నారు. ఆసుపత్రిలో వారం ఉంచుకుని పంపేశారు. నేను దాని గది గుమ్మంలో నేల మీద పడుకునేదాన్ని. యూటాకు పంపాను. ఇవాళ నా కూతురికి పాతికేళ్లు, బతికుంది. పంపకుండా ఉండాల్సిందని నాకెవరూ చెప్పొద్దు" అంది. హాలంతా నిశ్శబ్దం. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు, ఇప్పటికీ లేదు. గుమ్మంలో పడుకున్న తల్లికి మనం ఏం చెప్పగలం?

తర్వాత ఒకతను మాట్లాడాడు. అడవి క్యాంపులో రెండేళ్లు గైడుగా పనిచేశాడట. చేరేనాటికి అతనికి ఇరవై రెండేళ్లు, వారం రోజుల ట్రైనింగ్. పిల్లలంటే తనకు ప్రాణమని, కొందరు ఇప్పటికీ తనకు మెసేజులు పెడతారని చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రాత్రిళ్లు పారిపోకుండా పిల్లల బూట్లు తీసేసుకునేవాళ్లట. కొత్తగా వచ్చిన పిల్లాణ్ని ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, పట్టా అంచుల మీద అటొకరు ఇటొకరు స్టాఫ్ పడుకునేవాళ్లట, కదిలితే తెలియాలని. "అప్పుడు నాకది భద్రతలాగే కనిపించింది. ఇప్పుడు నాకో కొడుకున్నాడు. వాణ్ని అలా చుట్టడం ఊహించుకోలేను" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు నాకు నార్త్ కరోలినా సంగతి గుర్తొచ్చింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి అడవి క్యాంపుకు ఒక పన్నెండేళ్ల పిల్లాణ్ని పంపారు. చేరిన మర్నాడు పొద్దున్నే చనిపోయి ఉన్నాడు. ఒక మనిషి పట్టే చిన్న గుడారపు సంచిలో పడుకోబెట్టారు, తెరిస్తే అలారం మోగేలా. ఊపిరాడక పోయాడని పోస్టుమార్టంలో తేలింది. రాష్ట్రం ఆ క్యాంపు లైసెన్సు రద్దు చేసింది. అంతకుముందు 2020లో మిషిగన్‌లోని కలమజూలో, భోజనాల గదిలో శాండ్‌విచ్ విసిరాడని ఒక పదహారేళ్ల కుర్రాణ్ని స్టాఫ్ కింద పడేసి నొక్కిపట్టారు. రెండు రోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. శాండ్‌విచ్ విసిరినందుకు, బావా.

ఇవి అక్కడొకటి ఇక్కడొకటి జరిగినవి అనుకోకు. మన కాగ్ లాంటి సంస్థ ఇక్కడ జీఏఓ అని ఉంది. అది 2007లో అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన రిపోర్టు చదివాను. ఒక్క 2005లోనే 33 రాష్ట్రాల్లో కలిపి 1,619 మంది స్టాఫ్ పిల్లల్ని హింసించిన ఘటనల్లో ఉన్నారని అందులో రాశారు. పిల్లల మరణాలను కూడా కేసు కేసుగా తవ్వి చూశారు. దాహమని, కడుపునొప్పి అని పిల్లలు మొత్తుకుంటే నాటకాలాడుతున్నారని స్టాఫ్ కొట్టిపారేసిన సందర్భాలున్నాయి. ఈ 'నాటకం' అనే మాట గుర్తుపెట్టుకో. నాకు అసలు భయం అక్కడే.

శనివారం అందరికంటే ఎక్కువ నన్ను కదిలించింది ఒక నైట్ డ్యూటీ ఆవిడ. ఏ స్కూలో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆవిడ పని రాత్రంతా టార్చి లైటు పట్టుకుని పావుగంటకోసారి గదులు చూడటం. దాంతో పాటు పిల్లలు ఇంటికి రాసే ఉత్తరాలు చదవడం. స్కూలు మీద ఫిర్యాదు ఉంటే ఉత్తరం వెనక్కిచ్చి మళ్లీ రాయించేవాళ్లట. ఫోన్ కాల్ వారానికొకటి, పక్కన థెరపిస్టు వింటూ ఉంటాడు. అక్కడ 'లెవెల్స్' ఉంటాయి. మొదటి లెవెల్లో ఉన్నవాడు పక్కవాడితో మాట్లాడాలన్నా పర్మిషన్ అడగాలి. బుద్ధిగా ఉంటే పాయింట్లు, పాయింట్లు పెరిగితే లెవెల్, లెవెల్ పెరిగితే ఇంటికి ఫోన్. ఎదురు మాట్లాడితే మళ్లీ మొదటికి. పిల్లాణ్ని చేర్చిన రోజే తల్లిదండ్రులకు ఒక కాగితం ఇస్తారట. "మీవాడు ఇక్కడ కొడుతున్నారంటాడు, తిండి పెట్టడం లేదంటాడు, తీసుకెళ్లమని ఏడుస్తాడు. అదంతా మిమ్మల్ని లొంగదీసుకోవడానికి. నమ్మకండి."

అప్పుడు ఆ మొదటి తల్లే అడిగింది, "మరి నా కూతురు రాసిన ఉత్తరాలు?" అని. ఆ నైట్ డ్యూటీ ఆవిడ తలొంచుకుని, "మీ అమ్మాయి ఉన్న చోట ఎలా ఉండేదో నాకు తెలియదమ్మా. మా దగ్గరైతే మేం ఒప్పుకున్నవే బయటికి వెళ్లేవి" అంది. ఆ తల్లి ఇంకేం మాట్లాడలేదు. చాలాసేపు తన చేతుల వంక చూసుకుంటూ కూర్చుంది.

మన ఇంటర్ హాస్టల్ గుర్తుందా? ఆదివారం ఎస్‌టీడీ బూత్ దగ్గర లైను, వెనకే వార్డెన్. నీకు కామెర్లొచ్చి పచ్చగా అయిపోయిన వారం కూడా మీ అమ్మతో "బాగున్నానమ్మా" అనే అన్నావు. నేను పక్కనే ఉన్నాను. నీ గొంతు నాకింకా వినబడుతుంది. మనల్ని ఎవరూ కింద పడేసి తొక్కలేదు, ఆ రెంటినీ ఒకటి చేయను. కానీ ఇంటికి నిజం చెప్పే దారి మూసుకుపోతే పిల్లాడికి ఎలా ఉంటుందో నీకూ నాకూ తెలుసు.

ఈ పద్ధతులు ఎక్కణ్నుంచి వచ్చాయో కూడా చదివాను. 1958లో కాలిఫోర్నియాలో మత్తుమందులు మానిపించడానికి సినానన్ అని ఒకటి పెట్టారు. గుండ్రంగా కూర్చోబెట్టి, మధ్యలో ఒకణ్ని పెట్టుకుని అందరూ తిట్టిపోయడమే అక్కడి వైద్యం. తర్వాత పిల్లల కోసం వచ్చిన స్కూళ్లు చాలావరకు ఆ గుంపు పద్ధతినే తెచ్చుకున్నాయి. ఇలా భయపెట్టి దారిలో పెట్టే ప్రోగ్రాములు పనిచేయవని, కొన్నిసార్లు ఇంకా చెడగొడతాయని 2004లో ఇక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ పిలిపించిన నిపుణుల బృందం తేల్చింది. అయినా ఆగలేదు.

ఇంకొక తండ్రి గురించి చెప్పాలి. అతను కొడుకును తనే తీసుకెళ్లలేదు. 'ట్రాన్స్‌పోర్ట్' వాళ్లని పెట్టుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఇద్దరు కొత్త మనుషులు పిల్లాడి గదిలోకి వెళ్లి, నిద్ర లేపి, కారెక్కించారు. తండ్రి వరండాలో నిలబడ్డాడు. "నాన్నా అని అరిచాడు. నేను వెళ్లలేదు. వెళ్లొద్దని ముందే చెప్పారు" అన్నాడు. పిల్లాడికి ఇప్పుడు ముప్పై ఏళ్లు. మందూ గంజాయీ ఏమీ లేవు, మంచి ఉద్యోగం. తండ్రితో మాత్రం మాట్లాడడు. బావా, అక్కకు ఆ కన్సల్టెంట్ ట్రాన్స్‌పోర్ట్ సంగతి కూడా చెప్పాడేమో కనుక్కో.

స్టాఫ్ అందరూ దుర్మార్గులని నేననడం లేదు. తక్కువ జీతానికి, సరైన ట్రైనింగ్ లేకుండా, నిద్ర లేకుండా పనిచేస్తారు. 2016లో ఇక్కడ ఎస్కలాంటే దగ్గర అలాంటి చోట పనిచేసే ఒకతణ్ని, అక్కడ చేర్చిన కుర్రాడే కొట్టి చంపాడు. అదీ ఒక కుటుంబమే కదా.

ఇప్పుడు చట్టం కొంత మారింది. హిల్టన్ హోటళ్ల కుటుంబంలో పుట్టిన సెలబ్రిటీ పారిస్ హిల్టన్ 2021లో యూటా సెనేట్ కమిటీ ముందుకొచ్చి, టీనేజీలో ఇక్కడి ప్రోవో ఊళ్లో ఇలాంటి స్కూల్లో తను పడ్డది చెప్పింది. ఆ ఏడాదే చట్టం వచ్చింది. ఏడాదికి నాలుగు తనిఖీలు ఉండాలి, పిల్లాడు వారానికోసారి ఇంటివాళ్లతో రహస్యంగా మాట్లాడుకునే హక్కు ఉండాలి, నొక్కిపట్టడానికీ మత్తిచ్చి పడుకోబెట్టడానికీ హద్దులుండాలి. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ చట్టం కూడా వచ్చింది కానీ అది నిషేధించేదేమీ కాదు, ప్రధానంగా అధ్యయనం చేయించమంటుంది.

కాబట్టి అక్క ఆ స్కూలువాళ్లని ఫోన్లో అడగాల్సింది ఒక్కటే అనుకుంటున్నాను. నా కొడుకు మొదటిరోజు నుంచి, పక్కన ఎవరూ లేకుండా, నాతో తెలుగులో మాట్లాడుకోవచ్చా? నేను చెప్పకుండా వచ్చి చూడొచ్చా? ఈ రెండో ముక్క కూడా దానిలో భాగమే. "మొదట్లో కుదరదండీ, పిల్లాడు సర్దుకోవాలి" అంటే ఫోన్ పెట్టెయ్యమను. బిల్డింగ్ ఎంత బాగున్నా, గుర్రాలున్నా, థెరపిస్టుల పేర్ల పక్కన ఎన్ని డిగ్రీలున్నా సరే.

మరి ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తారు అంటావు. చేతి మీద గీసుకున్నాడన్నావు కాబట్టి ముందు డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) తెలిసిన థెరపిస్టును వెతకాలి. తమను తాము గాయపరుచుకునేవాళ్లకు, ఉద్వేగాల్ని అదుపు చేసుకోవడం నేర్పిస్తారు. సియాటిల్‌లో మార్షా లినెహాన్ అనే ఆవిడ తయారుచేసిన పద్ధతి అది. టీనేజీ పిల్లలకు చేసేటప్పుడు తల్లిదండ్రుల్ని కూడా కూర్చోబెట్టి నేర్పిస్తారు. బడి అయ్యాక వారానికి మూడు నాలుగు రోజులు వెళ్లి ఇంటికొచ్చే ఇంటెన్సివ్ అవుట్‌పేషెంట్ ప్రోగ్రాములు డల్లాస్ చుట్టుపక్కల ఉన్నాయి. మల్టీసిస్టమిక్ థెరపీ అని ఇంకొకటి ఉంది. అందులో థెరపిస్టే ఇంటికొస్తాడు, కొన్ని నెలల పాటు రాత్రీ పగలూ ఫోనుకు అందుబాటులో ఉంటారు. అది అక్క ఉండే కౌంటీలో దొరుకుతుందో లేదో సోమవారం ఫోన్లు చేసి కనుక్కుంటాను. ఏ రాత్రైనా చెయ్యి దాటిపోతే, ఆత్మహత్యల నివారణకు ఇక్కడున్న హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయమను. మందులు, బ్లేడ్లు తాళం వేసి పెట్టమను.

ఆ పిల్లాడితో నువ్వు మాట్లాడి ఎన్నాళ్లయింది? మేనమామవి. నాలుగేళ్ల కిందట ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు నీ స్కూటీ మీద వెనక్కూర్చుని బాపట్ల బీచికి వెళ్లాడు కదా, ఇప్పటికీ ఆ ఫొటోనే వాడి ఫోన్లో ఉందని అక్క ఒకసారి నాతో అంది. బడి గురించి, వేప్ గురించి ఏమీ ఎత్తకు. ఊరికే ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే వాయిస్ మెసేజ్ పెట్టు. మర్నాడు మళ్లీ చెయ్యి.

థాంక్స్‌గివింగ్ సెలవులకు నేను డల్లాస్ వెళ్తున్నాను, టికెట్ కొన్నాను. నాలుగు రోజులుంటాను. అక్క అంతవరకూ ఎక్కడా డిపాజిట్ కట్టకుండా చూడటం నీ పని. ఈ ఆదివారం మీకు పొద్దున్న ఏడింటికి ఫోన్ చేస్తాను, పక్కన ఎవరూ లేకుండా ఉండు.

నీ
బావ